ఖాళీ ఖజానా వెంట ఏడు రోజులు

మొదటి రోజు: ప్రిన్స్‌టన్

ముప్పై మూడేళ్లు సబ్ ట్రెజరీల్లో పనిచేశాను. బిల్లు పాస్ కాలేదని చెప్పినప్పుడు కౌంటరు అవతలి మనిషి ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. ఒకసారి, ఏ ఊళ్లోనో చెప్పను, చెల్లింపులు ఆపేస్తూ ఫ్రీజింగ్ పెట్టిన నెలలో పెన్షన్ ఎరియర్స్ కోసం నాలుగోసారి తిరిగిన ఒక పెద్దాయన గొడుగు పిడితో కౌంటరు అద్దం మీద టపీమని కొట్టాడు. అద్దం పగల్లేదు. ఆ చప్పుడు మాత్రం నాతోపాటే రిటైరై ఇంటికొచ్చింది.

న్యూజెర్సీలో అమ్మాయి ఇంట్లో ఒక మధ్యాహ్నం మనవడి సోషల్ పుస్తకం తిరగేస్తుంటే నాలుగు వాక్యాలు కంటబడ్డాయి. బ్రిటన్ మీద యుద్ధం గెలిచిన అమెరికా కాంగ్రెస్ తన సైనికులకు జీతాలివ్వలేకపోయిందట. వాళ్లొచ్చి చుట్టుముడితే ఫిలడెల్ఫియా వదిలి పారిపోయిందట. నాకు గొడుగు పిడి వినిపించింది.

ఏప్రిల్ సెలవులొచ్చాయి. అమ్మాయి వారం లీవు పెట్టి "అమ్మా, నయాగరా వెళ్దామా" అంది. పోయినసారి చూశానుగా, నీళ్లు పడుతూనే ఉంటాయి. ఈసారి ఆ పారిపోయిన సర్కారు వెనకాల వెళ్దామన్నాను. మావారు మోకాళ్ల నొప్పి పేరు చెప్పి ఐపీఎల్ ముందు కూర్చుండిపోయారు. అల్లుడికి సెలవు దొరకలేదు. డ్రైవింగ్ అమ్మాయిది, ఫోన్లో దారి చూడటం మనవడిది, పులిహోర డబ్బా నాది.

ప్రిన్స్‌టన్ మా ఇంటికి ముప్పావుగంట. యూనివర్సిటీలో నస్సావ్ హాల్ అనే రాతి భవనం, గుమ్మానికి రెండు పక్కలా కంచు పులులు. వెనక గోడకు 1777 నాటి ఫిరంగి గుండు దెబ్బ ఇంకా ఉంది. మేం లోపలికి వెళ్లలేదు, చుట్టూ తిరిగాం. 1783 జూన్ ఆఖరు నుంచి నవంబరు మొదలు దాకా కాంగ్రెస్ కూర్చున్నది ఇక్కడే. అంత పెద్ద నగరం నుంచి ఊడిపడినవాళ్లకు ఈ చిన్న ఊళ్లో బస ఎక్కడ దొరుకుతుంది? జేమ్స్ మాడిసన్, తర్వాత ప్రెసిడెంటు అయినాయన, పదడుగుల చదరం కూడా లేని గదిలో ఇంకో సభ్యుడితో కలిసి ఒకే మంచం మీద సర్దుకుంటున్నానని ఉత్తరంలో రాశాడు.

"వాళ్లకు టాక్స్ వేసే పవర్ లేదు అమ్మమ్మా" అన్నాడు మనవడు, చదివిన పాఠం అప్పజెప్పినట్టు.

కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. 1781 మార్చి 1న అమల్లోకి వచ్చిన ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ అనే ఒడంబడిక ప్రకారం 13 రాష్ట్రాలు ఎవరి సార్వభౌమత్వం వారు అట్టే పెట్టుకున్నాయి. అందరూ కలిసి ఒక స్నేహ కూటమి, అంతే. పెద్ద రాష్ట్రానికీ చిన్న రాష్ట్రానికీ ఒకటే ఓటు. ముఖ్యమైన పనికి 9 రాష్ట్రాలు ఊఁ అనాలి. ఒడంబడికలో అక్షరం మార్చాలంటే పదమూడూ అనాలి. ప్రెసిడెంటు లేడు, జాతీయ కోర్టులు లేవు. కాంగ్రెస్ యుద్ధం చెయ్యొచ్చు, అప్పు తేవచ్చు, పన్ను వెయ్యడానికి మాత్రం వీల్లేదు. డబ్బు కావాలంటే రాష్ట్రాలకు ఇండెంటు పంపుకోవాలి. 1782 సంవత్సరానికి 80 లక్షల డాలర్లు అడిగితే 1783 జనవరి నాటికి చేతికందింది 4,20,000 చిల్లర. పులి పక్కన నిలబడే మనసులో లెక్క కట్టాను: నూటికి అయిదుంపావు. మా ఆఫీసులో ఇంత వసూలు చూపించిన గుమాస్తాకు అదే రోజు మెమో వచ్చేది.

తెలియక చేసుకున్న ఏర్పాటు అనుకుంటే పొరపాటు. ఎక్కడో సముద్రం అవతల కూర్చున్న పార్లమెంటు తమను అడక్కుండా స్టాంపుల మీదా టీ మీదా పన్నేసిందనే కదా వాళ్లు తుపాకీ పట్టింది. రాజు పంపిన గవర్నర్లనూ, ఊళ్లో దిగబడిన పటాలాన్నీ, ఓడల గోదాములు వెతికే కస్టమ్స్ వాళ్లనూ చూసినవాళ్లు. ఆ యంత్రాన్నే ఈసారి సొంత చేతుల్తో ఇంట్లో బిగించుకుంటారా? పైగా ఆ రోజుల్లో "నా దేశం" అంటే వర్జీనియా వాడికి వర్జీనియా, మసాచుసెట్స్ వాడికి మసాచుసెట్స్. అమెరికా అన్నది కలిసి యుద్ధం చేసినవాళ్ల ఉమ్మడి పేరు.

రెండో రోజు: ఫిలడెల్ఫియా

ఇండిపెండెన్స్ హాల్ చూడాలంటే టైము టికెట్టు ముందే తీసుకోవాలి. మాకు పదకొండున్నర దొరికింది. లోపల అసెంబ్లీ గది నేను ఊహించుకున్నదాంట్లో సగం లేదు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, ఈక కలాలు, ఎదురుగా అధ్యక్షుడి కుర్చీ. ఆ కుర్చీ వీపు మీద సగం పైకొచ్చిన సూర్యుడి బొమ్మ చెక్కి ఉంది. సామానులో చాలా మటుకు ఆ కాలంవి తెచ్చి పెట్టినవే కానీ కుర్చీ మాత్రం అసలుది, 1787లో వాషింగ్టన్ కూర్చున్నది. అందరూ కుర్చీకి ఫోటోలు తీస్తుంటే నేను కిటికీలు చూశాను. నా కథ కిటికీల అవతల జరిగింది.

1783 జూన్ 21, శనివారం. లాంకాస్టర్ నుంచి నడిచొచ్చిన 80 మంది సైనికులు, నగరంలోని బ్యారక్‌ల వాళ్లు కలిసి దాదాపు 400 మంది తుపాకులతో ఈ భవనాన్ని చుట్టుముట్టారు. యుద్ధం అయిపోయింది, ఇంటికి పొమ్మంటున్నారు, బకాయిలు ఎవరిస్తారు? ఖజానా చూసే రాబర్ట్ మోరిస్ కాగితాల మీద తన సంతకం పెట్టి మూడు నెలల జీతం కింద పంచుతున్నాడు. సర్కారు సంతకానికి విలువ లేక వ్యాపారి సంతకంతో జీతం! సైనికుల్లో చాలామంది తమ పత్రాలను ఇంటి దారిలోనే, రాసిన విలువలో చిన్న భాగానికి, వడ్డీ వ్యాపారులకు అమ్మేసుకున్నారు.

మేడ మీద పెన్సిల్వేనియా రాష్ట్ర కార్యనిర్వాహక మండలి, కింద కాంగ్రెస్. ఇటుక గోడ ఒకటే, ప్రభుత్వాలు రెండు. కిందివాళ్లు పైవాళ్లను రాష్ట్ర దళాన్ని పిలిపించమని అడిగారు. దళం మన మాట వింటుందన్న నమ్మకం లేదని పైవాళ్లు ఒప్పుకోలేదు. ఆ మండలికి అధ్యక్షుడు జాన్ డికిన్సన్. ఆర్టికల్స్‌కు 1776లో మొదటి చిత్తు రాసింది ఆయనే. ఈ ముక్క చెబితే అమ్మాయి పకపకా నవ్వింది. కాంగ్రెస్ వాళ్లు సైనికుల తిట్ల మధ్యనుంచి బయటపడి రెండు మూడు రోజుల్లో ప్రిన్స్‌టన్ దారి పట్టారు. ఆ శనివారం అవమానం వాళ్లు మరిచిపోలేదు. ఏ రాష్ట్రం దయ మీదా ఆధారపడని రాజధాని, పది మైళ్ల చదరానికి మించకుండా, ఉండాలని తర్వాత రాజ్యాంగంలో రాసుకున్నారు. వాషింగ్టన్ డీసీ ఏ రాష్ట్రంలోనూ లేకపోవడానికి మూలాల్లో ఇదొకటి.

సాయంత్రం అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్‌కు వెళ్లాం. ఒక హాల్లో 42 కంచు విగ్రహాలు, నిలువెత్తువి, నేల మీదే నిలబెట్టారు, మధ్యలోంచి నడవొచ్చు. 1787 మే 25 నుంచి సెప్టెంబరు 17 దాకా కిటికీలు బిగించుకుని, బయట ఒక్క మాట పొక్కనీయకుండా కొత్త రాజ్యాంగం రాసినవాళ్లు. మొత్తం వచ్చింది 55 మంది, సంతకం చేసింది 39. మిగిలిన మూడు విగ్రహాలూ చివరిదాకా ఉండి సంతకం పెట్టం పొమ్మన్నవాళ్లవి: జార్జ్ మేసన్, ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ, ఎడ్మండ్ రాండల్ఫ్. వాళ్లకూ చోటిచ్చారు చూడండి, అది నచ్చింది నాకు. మనవడు ఫ్రాంక్లిన్ పక్కన కూర్చుని ఫోటో దిగాడు. అందరూ దిగేది అక్కడే, ఆయన భుజం రంగు తేలిపోయింది.

మేసన్ ముందు నేను కాసేపు నిలబడ్డాను. సెప్టెంబరు 12న, అంటే అయిదు రోజుల్లో పని ముగుస్తుందనగా, ఆయన లేచి హక్కుల ప్రకటన ఒకటి చేర్చుదామన్నాడు; రాష్ట్రాల దగ్గర ఉన్నవే ముందు పెట్టుకుంటే కొన్ని గంటల్లో రాసేయొచ్చన్నాడు. ఓటింగులో 10 రాష్ట్రాలు వద్దన్నాయి, కావాలన్నది ఒక్కటీ లేదు. నాలుగు నెలలు ఉక్కలో మగ్గిన మనుషులు, ఇంటికి పోవాలన్న తొందరలో ఉన్నారు. మార్చి 31 రాత్రి బిల్లులు ఎలా పాసవుతాయో చూసినదాన్ని కనుక నాకిది వింతగా లేదు.

అక్కడి షాపులో ఫ్రిజ్‌కు అంటించే మాగ్నెట్ కొన్నాను. రసీదులో సేల్స్ టాక్స్ 8 శాతం. ఉద్యోగం పోయినా బుద్ధి పోదు, రసీదు పర్సులో పెట్టుకున్నాను.

మూడో రోజు: అన్నాపొలిస్, గన్‌స్టన్ హాల్

రాత్రికే మేరీల్యాండ్ చేరి అన్నాపొలిస్‌లో దిగాం. ప్రిన్స్‌టన్ తర్వాత కాంగ్రెస్ మకాం ఇదే. ఆ తర్వాత ట్రెంటన్, ఆ తర్వాత న్యూయార్క్. సంచారం చేసే బుడబుక్కల వాళ్లకైనా ఏ నెల ఏ ఊరో ముందే తెలిసేదేమో.

స్టేట్ హౌస్‌లో పాత సెనేట్ గది. 1783 డిసెంబరు 23న జార్జ్ వాషింగ్టన్ ఇక్కడ తన సైన్యాధికారాన్ని తిరిగి అప్పగించాడు. ఆ చోటులో ఆయన కంచు విగ్రహం, చేతిలో ప్రసంగం కాగితం. నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ రోజు పెట్టుకున్న మర్యాదల పట్టిక. కాంగ్రెస్ సభ్యులు ఇరవై మంది టోపీలు తీయకుండా కూర్చునే ఉంటారు. యుద్ధం గెలిచిన సేనాని నిలబడి వాళ్లకు వంగి నమస్కరిస్తాడు. బదులుగా వాళ్లు వంగరు, టోపీ కొంచెం పైకెత్తుతారంతే. సైన్యం ఉన్నవాడు పైసా లేనివాళ్ల ముందు వంగాడు. కత్తి పట్టినవాడు గద్దె ఎక్కుతాడేమోనన్న భయం అందరి గుండెల్లోనూ ఉన్న కాలంలో, ఆ టోపీల తంతుకు విలువ ఉంది.

ఆ గదిలోనే ఇంకో సన్నివేశం, ఇంత గంభీరమైంది కాదు. బ్రిటన్‌తో శాంతి ఒప్పందాన్ని ఆమోదించడానికి 9 రాష్ట్రాలు కావాలి, వచ్చి కూర్చున్నవి 7. గడువేమో ఆరు నెలలు, పత్రం సముద్రం దాటాలి. కోరం కోసం వారాల తరబడి ఎదురుచూపులు. దక్షిణ కరోలినా సభ్యుడు బెరెస్‌ఫర్డ్ జబ్బు చేసి ఫిలడెల్ఫియాలో పడుకుని ఉంటే, మంచం దగ్గరికే వెళ్లి ఓటేయించుకుందామా అన్నంత దూరం వచ్చింది మాట. చివరికి ఆయన లేచి వచ్చాడు, కనెక్టికట్ వాళ్లూ వచ్చారు, 1784 జనవరి 14న ఆమోదం పడింది. ఎనిమిదేళ్ల యుద్ధానికి తుది సంతకం ఒక రోగి ప్రయాణం మీద ఆధారపడిందన్నమాట.

1786 సెప్టెంబరులో వ్యాపార తగాదాలు తీర్చుకుందామని ఇదే ఊళ్లో ఒక సమావేశం పెడితే 5 రాష్ట్రాల నుంచి 12 మంది వచ్చారు. ఆతిథ్యం ఇస్తున్న మేరీల్యాండే మనుషుల్ని పంపలేదు! వచ్చినవాళ్లు వచ్చే మే నెలలో ఫిలడెల్ఫియాలో కలుద్దామని న్యూయార్క్ ప్రతినిధి అలెగ్జాండర్ హామిల్టన్ చేత నివేదిక రాయించి విడిపోయారు.

మధ్యాహ్నం వర్జీనియాలో గన్‌స్టన్ హాల్. మేసన్ ఇల్లు. పోటోమాక్ నది వైపు తోట, ఇటుక ఇల్లు, లోపల చెక్కపని కళ్లు తిప్పుకోనివ్వదు. 1776లో వర్జీనియా హక్కుల ప్రకటన చిత్తు రాసింది ఈయనే. మనుషులందరూ స్వభావరీత్యా సమాన స్వేచ్ఛ గలవాళ్లన్నది అందులో మొదటి మాట. రాజ్యాంగం ఇప్పుడున్నట్టే ఉంటే దాని మీద సంతకం పెట్టడం కన్నా నా కుడిచెయ్యి నరుక్కుంటానన్నది కూడా ఈయనే. గౌట్ అనే కీళ్ల నొప్పితో బాధపడే మనిషి, ఆ చెయ్యి ఎప్పుడూ నొప్పెట్టేదేమో, నాకు తెలీదు. పక్క ఎస్టేట్ వాషింగ్టన్‌ది. ఏళ్ల నాటి స్నేహం ఆ సంతకం దగ్గరే తెగింది. 1792లో హామిల్టన్‌కు రాస్తూ వాషింగ్టన్ మేసన్‌ను "ఒకప్పటి స్నేహితుడు" అన్నాడు.

ఇంటి పక్కన వంటశాల, దుస్తులుతికే కొట్టం. వాటిల్లో పనిచేసింది బానిసలు. ఢిల్లీ దర్బారు లాంటి కేంద్రం వస్తే స్వేచ్ఛ పోతుందని రాత్రింబవళ్లు బెంగపడ్డ మనిషికి ఉదయాన్నే మంట రాజేసి నీళ్లు కాచింది వాళ్లే. బానిసల దిగుమతిని ఆయన ఫిలడెల్ఫియాలో గట్టిగా తిట్టాడు, నిజమే. తన దగ్గర ఉన్నవాళ్లను మాత్రం వదల్లేదు. వంటశాల పొయ్యి ముందు మా అమ్మాయి "ఈయన్ని మెచ్చుకోవాలా వద్దా అమ్మా?" అంది. నేను ఆ పొయ్యి లోతు చూస్తూ ఉండిపోయాను. మనిషి లోపల నిలబడగలిగేంత పొయ్యి.

నాలుగో రోజు: రోడ్డు

పొద్దంతా కారులోనే. వర్జీనియా, మేరీల్యాండ్, డెలావేర్, న్యూజెర్సీ. నాలుగు రాష్ట్రాలు దాటడానికి రెండు కాఫీలు, ఒక పెరుగన్నం సరిపోయాయి.

దారిలో వర్జీనియా నాయకుడు పాట్రిక్ హెన్రీ సంగతి చెప్పాను. ఫిలడెల్ఫియా సభకు ఎన్నిక చేస్తే వెళ్లనన్నాడు. కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అని 1788 జూన్‌లో రిచ్‌మండ్‌లో వర్జీనియా సభ జరిగినప్పుడు మాత్రం రోజుల తరబడి వాయించాడు. "మేము, ప్రజలం" అని మొదలుపెట్టడానికి మీకు హక్కెవరిచ్చారు, "మేము, రాష్ట్రాలం" అని ఎందుకనలేదు అని నిలదీశాడు. ఇంగ్లిషులో ఆ మొదటి మూడు పదాల్లోనే ఆయనకు మోసం కనిపించింది. అక్కడ 89 ఓట్లకు 79తో ఓడిపోయాడు.

రాష్ట్రం మాటా, కేంద్రం మాటా అన్న ఈ ప్రశ్నకు మనవాళ్లు జవాబు వేరేగా రాసుకున్నారు. ఇక్కడ ఒక రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాల్సిందే; రాజ్యాంగం నాలుగో అధికరణం. మన మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, కట్టుబడక్కర్లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లును తిప్పికొట్టింది. ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. విభజన మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ మాట్లాడితే కారు న్యూజెర్సీ చేరదు. అమ్మాయి అత్తగారిది వరంగల్, మాది తెనాలి.

"మరి వెస్ట్ వర్జీనియా విడిపోయిందిగా?" అంది అమ్మాయి. అప్పుడూ వర్జీనియా పేరిట ఇంకో ప్రభుత్వాన్ని నిలబెట్టి, దానిచేత ఒప్పుకోలు రాయించుకుని 1863లో కానిచ్చారు. కాగితం మాత్రం ఉండాలి! ఆ పద్ధతి నాకు బాగా తెలిసిన పద్ధతే.

ఐదో రోజు: న్యూయార్క్

ఒక పూటే. రైల్లో వెళ్లి వాల్ స్ట్రీట్‌లో ఫెడరల్ హాల్ మెట్ల ముందు వాషింగ్టన్ విగ్రహం చూశాం. 1789 ఏప్రిల్ 30న మొదటి ప్రెసిడెంటుగా ప్రమాణం చేసిన చోటు. ఆ పాత భవనాన్ని 1812లో పడగొట్టారు, ఇప్పుడున్న పాలరాతి స్తంభాల భవనం 1842 నాటిది. దేనికి కట్టారో తెలుసా? కస్టమ్స్ హౌస్‌కి.

మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాను. దిగుమతుల మీద నూటికి 5 సుంకం కేంద్రానికి ఇద్దామని 1783లో కాంగ్రెస్ అడిగితే, మూడేళ్లు నాన్చి ఆఖరికి చెడగొట్టింది న్యూయార్కే. ఎందుకివ్వాలి? రేవు తనది, ఓడలొచ్చేది తన దగ్గరికి, ఆ సుంకంతో తన రైతుల భూమిపన్ను తగ్గించుకుంటోంది. గవర్నరు జార్జ్ క్లింటన్‌కు ఇందులో సిద్ధాంతమూ ఉంది, రాబడీ ఉంది. ఫిలడెల్ఫియా రేవుకూ న్యూయార్క్ రేవుకూ మధ్య నలిగిన మా న్యూజెర్సీని రెండు చివరలా కుళాయి బిగించిన పీపా అన్నాడు మాడిసన్. కోపమొచ్చిన న్యూజెర్సీ 1786లో, న్యూయార్క్ దారికొచ్చేదాకా మీ ఇండెంటు చెల్లించం పొమ్మంది. పక్కింటివాడి మీద అలక, తాళం పడింది ఉమ్మడి ఖజానాకు. కొత్త రాజ్యాంగాన్నీ న్యూయార్క్ ఊరికే మింగలేదు, 1788 జులైలో 30 ఓట్లకు 27.

మాగ్నెట్ మీద పన్ను 8.875 శాతం. ఆ మూడో దశాంశం వేసినవాడి చేతికి మొక్కాలి.

ఆరో రోజు: స్ప్రింగ్‌ఫీల్డ్, పీటర్‌షామ్

ఈ ప్రయాణంలో నేను ఎదురుచూసింది ఈ రోజు కోసం. ఇప్పటిదాకా చూసినవన్నీ కోటు వేసుకున్నవాళ్ల అపనమ్మకాలు. మట్టి చేతులవాళ్లది పశ్చిమ మసాచుసెట్స్‌లో ఉంది.

యుద్ధపు అప్పు తీర్చడానికి మసాచుసెట్స్ ప్రభుత్వం బరువైన పన్నులు వేసింది, అదీ గట్టి నాణెంలో కట్టాలంది. పల్లెల్లో నాణెం కంటికి కనబడదు. సైనికులు అగ్గువకు అమ్ముకున్న పత్రాలు బోస్టన్ షావుకార్ల పెట్టెల్లో ఉన్నాయి. ఆ పత్రాలకు పూర్తి విలువ కట్టడానికే ఈ పన్నులు. అంటే ఒకప్పటి సిపాయి, తన జీతపు కాగితాన్ని పావలాకు అమ్ముకున్నవాడు, ఇప్పుడు దాన్ని కొన్నవాడికి రూపాయి కట్టాలి. కట్టకపోతే కోర్టు, జప్తు. ఎడ్లూ పొలమూ వేలం, లేదంటే జైలు. ట్రెజరీలో కూర్చుని జప్తు నోటీసుల తాలూకు చలానాలు చూశాను నేను. అంకెలు ఎప్పుడూ సరిపోయేవి.

1786 ఆగస్టు 29న నార్తాంప్టన్‌లో రైతులు కోర్టును మూయించారు. కోర్టు కూర్చోకపోతే డిక్రీ లేదు, డిక్రీ లేకపోతే జప్తు లేదు. ఎంత సూటి లెక్క! ఒకదాని తర్వాత ఒకటి కోర్టులు మూతపడ్డాయి. వాళ్ల నాయకుల్లో ఒకడు పెల్హమ్ ఊరి డేనియల్ షేస్, యుద్ధంలో కెప్టెన్. టోపీల్లో పచ్చ కొమ్మ గుచ్చుకునేవారు, పాత యుద్ధపు గుర్తు.

స్ప్రింగ్‌ఫీల్డ్ గుట్ట మీద ఇప్పుడు ఆర్మరీ మ్యూజియం. ఆనాడు ఇక్కడ కాంగ్రెస్‌ది ఆయుధాగారం, వేల తుపాకులు. కాపలా పెట్టడానికి కాంగ్రెస్ దగ్గర సైన్యం లేదు. రాష్ట్రాలను డబ్బడిగితే ఒక్క వర్జీనియా తప్ప ఎవరూ కదల్లేదు. రాష్ట్రం దగ్గరా లేదు. గవర్నరు బౌడిన్ బోస్టన్ వ్యాపారుల దగ్గర చందాలు వసూలు చేసి జనరల్ లింకన్ కింద సైన్యాన్ని లేపాడు. గుట్ట మీదున్న జనరల్ షెపర్డ్ ఆయుధాలు వాడుకోవడానికి అనుమతి అడిగితే, కాంగ్రెస్ కూర్చుంటే గానీ ఇవ్వలేమన్న జవాబొచ్చింది. కాంగ్రెస్ కూర్చుని లేదు. ఆయన తాళం తీసేశాడు. ఆడిట్ అభ్యంతరం సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని ఉంటాడు.

1787 జనవరి 25, మంచు. షేస్ మనుషులు గుట్ట ఎక్కారు. రెండో దళం నాయకుడు ల్యూక్ డే తాను ఇవాళ కాదు, రేపొస్తానని రాసిన చీటీ షేస్‌కు చేరకుండా షెపర్డ్ చేతిలో పడింది. మొదటి గుళ్లు తలల మీదుగా పేల్చారు, తర్వాతవి నడుముల ఎత్తున. నలుగురు చనిపోయారు. మిగతావాళ్లు ఒక్క తూటా కాల్చకుండా వెనక్కి పరిగెత్తారు. నేను నిలబడ్డ చోటు నుంచి కింద ఊరు, చెట్ల మధ్య కార్లు. ఒకే సైన్యంలో కలిసి పోరాడినవాళ్లు వీళ్లు, గుట్ట పైనా కిందా.

అక్కడి నుంచి గంట ప్రయాణం పీటర్‌షామ్. ఫిబ్రవరి 3 రాత్రి లింకన్ హాడ్లీ నుంచి మంచు తుపానులో 30 మైళ్లు నడిపించి, ఆదివారం పొద్దున్నే షేస్ మనుషుల మీద పడ్డాడు. 150 మంది దొరికారు. చిన్న ఊరు, నడిమధ్య పచ్చిక బయలు, చుట్టూ తెల్ల ఇళ్లు. చెట్ల మొదళ్లలో మురికిపట్టిన మంచు ఇంకా కరగలేదు. కాళ్లు గడ్డకట్టుకుపోతున్నాయి, ఉన్ని సాక్సుల్లోనే.

ఊళ్లో రెండు గుర్తుఫలకాలున్నాయి. 1927 నాటిది లింకన్ విజయాన్ని పొగిడి, చట్టానికి లోబడటమే నిజమైన స్వేచ్ఛ అని ముగిస్తుంది. 1987లో, రెండువందల ఏళ్లకు, ఇంకొకటి పెట్టారు. అది షేస్ వైపు నుంచి చెప్పుకొచ్చి, నిజమైన స్వేచ్ఛకూ న్యాయానికీ చట్టాన్ని ఎదిరించాల్సి రావొచ్చంటుంది. ఊరు ఒక ఫలకాన్ని పీకేసి ఇంకోటి పాతలేదు. రెండూ ఉంచుకుంది.

"ఏది కరెక్ట్ అమ్మమ్మా?" అన్నాడు మనవడు. పరీక్షలో వస్తే ఏది రాయాలో వాడికి కావాలి.

వాడికి ఇద్దరు రైతుల సంగతి చెప్పాను. 1788లో బోస్టన్‌లో రాజ్యాంగం మీద సభ. జనవరి 25, స్ప్రింగ్‌ఫీల్డ్ కాల్పులకు సరిగ్గా ఏడాది. సట్టన్ ఊరి ఏమోస్ సింగిల్టరీ, బడి ముఖం చూడనివాడు, లేచాడు. ఈ లాయర్లూ చదువుకున్నవాళ్లూ డబ్బున్నవాళ్లూ తీయగా మాట్లాడి మనచేత ఈ మాత్ర మింగిస్తున్నారు, అధికారం డబ్బు రెండూ వాళ్ల చేతిలో పడ్డాక తిమింగిలం యోనాను మింగినట్టు మనలాంటి చిన్నవాళ్లను మింగేస్తారు అన్నాడు. ఆయనకు జవాబుగా లేచినవాడు లాయరు కాదు, జోనథన్ స్మిత్, నాగలి పట్టుకుని బతికేవాణ్నని చెప్పుకున్నాడు. తిరుగుబాటులో పక్కింటివాడే గుండెకు తుపాకీ పెట్టిన రోజులు చూశాను, ఈ కాగితంలో దానికి మందు కనిపిస్తోంది, డబ్బున్నవాళ్లయినా మనమైనా మునిగితే అందరం కలిసే మునుగుతాం అన్నాడు. ఓట్లు 187, 168. పదిమంది అటు మారి ఉంటే ఈ దేశం చరిత్ర ఇంకోలా నడిచేది. అదీ, సవరణలు సిఫార్సు చేస్తామన్న మాట ఇచ్చాక వచ్చిన ఓట్లు. ఆ మాటే పేరుకుని పేరుకుని 1791 డిసెంబరు 15కి పది సవరణలయింది. పదోది, కేంద్రానికి ఇవ్వనివన్నీ రాష్ట్రాలకో ప్రజలకో మిగులుతాయనేది. మనకు మిగిలినవన్నీ కేంద్రానికే.

మనవడు మొత్తం విని "అయితే ఇద్దరూ ఫార్మర్సే" అన్నాడు. అవును నాన్నా.

షేస్‌కు 1788లో క్షమాభిక్ష దొరికింది. చందాల సైన్యం లేపిన బౌడిన్ 1787 ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు.

ఏడో రోజు: న్యూపోర్ట్

వూస్టర్‌లో పడుకుని పొద్దున్నే రోడ్ ఐలండ్. అన్నిట్లోకీ చిన్న రాష్ట్రం, అన్నిట్లోకీ మొండిది. అయిదు శాతం సుంకాన్ని కాంగ్రెస్ అంతకుముందు తొలిసారి అడిగినప్పుడు, 1782లో, మొట్టమొదట కాదన్నది ఇదే. ఫిలడెల్ఫియా సభకు ఒక్కణ్నీ పంపలేదు. రాజ్యాంగాన్ని 1788 మార్చిలో ఊరూరా ఓటుకు పెడితే, అనుకూలురు చాలాచోట్ల బహిష్కరించిన మాట నిజమే గానీ, వద్దన్నవి 2,700 పైన, కావాలన్నవి 250 కూడా లేవు.

సముద్రపు గాలి, ఇటుక కాలనీ హౌస్, పడవలు. ఇక్కడి ఒక కసాయి కొట్టు కథ నాకిష్టం. 1786లో రాష్ట్రం కాగితపు డబ్బు అచ్చేసింది, రైతులు అప్పులు తీర్చుకోవడానికి. తీసుకోనన్నవాడికి జరిమానా, జ్యూరీ లేకుండా విచారణ. జాన్ వీడెన్ అనే కసాయి, జాన్ ట్రెవెట్ అనే ఖాతాదారు నోటు తెస్తే దాని ముఖవిలువకు మాంసం తూచనన్నాడు. కేసయింది. ఇది మా విచారణకు రాదని జడ్జీలు తప్పించారు. కోపమొచ్చిన శాసనసభ జడ్జీలనే సంజాయిషీకి పిలిచింది. కేంద్రాన్ని నమ్మనివాళ్లందరూ కోర్టులు మూయించిన పేదలే కారు, నోట్లచ్చేసిన శాసనసభలూ ఉన్నాయి. ఆ నోట్లు చూసి భయపడ్డవాళ్లే ఫిలడెల్ఫియాలో, ఇకమీదట ఏ రాష్ట్రమూ కాగితపు డబ్బు అచ్చెయ్యకూడదని రాసేశారు.

వాషింగ్టన్ ప్రెసిడెంటై ఏడాది దాటినా రోడ్ ఐలండ్ బయటే ఉంది. 1790 మేలో ఆ రాష్ట్రంతో వ్యాపారం ఆపేసే బిల్లు సెనేట్ పాస్ చేసింది. వేరే దేశం సరుకులాగా సుంకం పడుతుందని వ్యాపారులు హడలిపోయారు. మే 29న న్యూపోర్ట్‌లో ఓటు: 34, 32.

మాగ్నెట్ మీద 7 శాతం. రేవు పక్క బెంచీ మీద రసీదులన్నీ పరిచాను, గాలికి ఎగరకుండా మీద పులిహోర డబ్బా మూత పెట్టి. ఒక్కో ఊళ్లో ఒక్కో రేటు. "మన దగ్గర ఎంత అమ్మమ్మా?" అన్నాడు మనవడు. శ్రీకాకుళంలో కొన్నా శ్రీనగర్‌లో కొన్నా ఒకటే రేటని చెప్పాను. "దట్స్ ఈజీ" అన్నాడు. ఈజీయే, మా ఆఫీసులో జీఎస్టీ వాటా ఎప్పుడొస్తుందా అని కూర్చున్న రోజులు వాడికి తెలీవు.

సాయంత్రం ఇంటిదారి పట్టాం. న్యూపోర్ట్ నుంచి పడమటికి పోవాలంటే పెల్ వంతెన ఎక్కాలి, పొడవైన వేలాడే వంతెన, కింద సముద్రం ఎర్రగా ఉంది. ఆగకుండానే టోల్ పడింది. "ఎంతే?" అన్నాను.

"నాలుగు డాలర్లమ్మా. రోడ్ ఐలండ్ వాళ్లకైతే ఎనభై మూడు సెంట్లట."